ఒక కొస మాత్రమే

ఏప్రిల్ 9, 2024

ఉగాది. మెస్‌లో పచ్చడి పెట్టారు. తినేసి ల్యాబ్‌కి వచ్చేశాను. ఎవరూ లేరు. ఫ్యూమ్‌హుడ్‌లన్నీ నావే.

డి3 సబ్లిమేషన్ పెట్టుకున్నా. కోల్డ్ ఫింగర్ చుట్టూ తెల్లటి సూదులు, పొడుగ్గా, ఒకదాని మీద ఒకటి వాలి. గరిటెతో తాకితే చాలు, జారి పడుతున్నాయి. కరిగేది 64 డిగ్రీల దగ్గర. కానీ కరగడం దాకా ఎందుకు, మూత తీసి ఈ గదిలో వదిలేస్తే రేపటికి సగం గాలిలో కలిసిపోతుంది.

అమ్మ ఫోన్. "పండగ పూట కూడా అదేనా అమ్మడూ?" డి3 అంటే మూడు సిలికాన్లు, మూడు ఆక్సిజన్లు ఇరుకిరుగ్గా సర్దుకుని కూర్చున్న ఉంగరం. ఎప్పుడెప్పుడు విప్పుకుందామా అని చూస్తుంటుంది. నేను దానికి ఒక వైపు నుంచే దారి చూపించాలి. ఫోన్లో ఇది ఎలా చెప్పడం?

"సాయంత్రం గుడికెళ్తాలే" అన్నాను.

ఏప్రిల్ 12

కంపెనీ నుంచి ఇద్దరు వచ్చారు. కాంటాక్ట్ లెన్స్‌కి కావాల్సిన సిలికోన్ గురించి. ఒక కొసన బ్యూటైల్, ఇంకో కొసన మెథాక్రిలేట్, మధ్యలో పదమూడో పద్నాలుగో సిలోక్సేన్లు. అణుభారం వెయ్యి పైచిలుకు.

వాళ్ల మాట: డి4, అంటే నాలుగు సిలికాన్ల ఉంగరం, తీసుకుని, రెండు రకాల ఎండ్‌బ్లాకర్లు కలిపి, ట్రిఫ్లిక్ యాసిడ్ చుక్క వేసి ఈక్విలిబ్రేట్ చేస్తే సరిపోదా? చవక కదా?

చవకే. కానీ అక్కడ ఏ కొస ఎవరికి దక్కాలో చెప్పే దిక్కు ఉండదు. నాలుగు గొలుసులు తీస్తే ఒకటి రెండు వైపులా ఉత్తిది. ఒకటి రెండు వైపులా మెథాక్రిలేట్. మిగతా రెండే మనవి. ఉత్తిది లెన్స్‌లో దేనికీ అతుక్కోదు, మెల్లగా బయటికి వచ్చేస్తుంది. ఎక్కడికి? కంట్లోకేగా. రెండు వైపులా ఉన్నదేమో వలని బిగించేస్తుంది, లెన్స్ గట్టిపడుతుంది.

సార్ అక్కడ ఏమీ అనలేదు. వాళ్లు వెళ్లాక, "రెండు పద్ధతులూ చేసి చూపించమ్మా" అన్నారు. రెండూనా? కాగితం మీదే తేలిపోతోంది కదా. ఒకటి, రెండు, ఒకటి.

అయినా చేస్తాను.

ఏప్రిల్ 18

బ్యూటైల్ లిథియం సీసా మీద 1.6 మోలార్ అని ఉంది. డైఫినైల్ ఎసిటిక్ యాసిడ్‌తో టైట్రేట్ చేశా. పసుపు రంగు నిలబడిన చుక్క దగ్గర ఆపి లెక్క వేస్తే 1.42. సీసా మీది అంకెతో వెళ్తే ప్రతి గొలుసూ అనుకున్నదానికన్నా పొడుగయ్యేది.

డి3 22.2 గ్రాములు. సైక్లోహెక్సేన్‌లో. ఆర్గాన్ కింద 11 మిల్లీలీటర్లు, సూది గుండా, చుక్క చుక్క.

పైకి ఏమీ జరగదు. చూసేవాళ్లకి అది నీళ్లలాగే ఉంటుంది. టీహెచ్‌ఎఫ్ లేకుండా గొలుసు ముందుకు నడవదు. బ్యూటైల్ ఉంగరాన్ని తెరుస్తుంది, తెరుచుకున్న ముక్కని ఇంకో బ్యూటైల్ తుంచుతుంది, మరొకటి మళ్లీ. చివరికి తెరుచుకున్న ఒక్కో ఉంగరం మూడు ముక్కలు, మూడింటికీ తలా ఒక లిథియం. రాత్రంతా అన్నీ ఒకే గీత దగ్గర నిలబడి ఉంటాయి. ఒక్కటి కూడా ముందు కదలదు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ రాత్రే.

బబ్లర్ ఒకసారి చూసి తాళం వేశాను. మళ్లీ వెనక్కి వెళ్లి చూశాను.

ఏప్రిల్ 19

పొద్దున్నే టీహెచ్‌ఎఫ్. సోడియం బెంజోఫినోన్ మీద ముదురు ఊదా రంగులో మరుగుతున్నది, అప్పటికప్పుడు పట్టింది. అది పడిన నిమిషం నుంచి పరుగు.

కాసేపటికొకసారి శాంపిల్. ఎన్‌ఎంఆర్‌లో 0.17 దగ్గర డి3, 0.07 దగ్గర పాలిమర్. అది తరుగుతుంటే ఇది పెరుగుతుంది.

"అక్కా, మొత్తం అయ్యేదాకా ఎందుకు ఆగం?" అంది జూనియర్. మంచి ప్రశ్న. ఉంగరాలు అయిపోతున్నకొద్దీ ఆ కొసకి తినడానికి ఏమీ దొరకదు. అప్పుడు తన గొలుసునే వెనక్కి తిరిగి కొరుక్కుంటుంది. పక్కదాన్నీ కొరుకుతుంది. ఒకే పొడుగున ఉన్నవన్నీ చెల్లాచెదురవుతాయి. అందుకే 70 శాతం దగ్గర ఆపేయాలి. మిగిలిన డి3 పోతేపోయింది.

మధ్యాహ్నం రెండు దాటాక 68. డైమిథైల్ క్లోరోసిలేన్ వేశా. వేసీ వేయగానే ఫ్లాస్క్ అంతా తెల్లగా మసకేసింది. లిథియం క్లోరైడ్. కొసలు మూతపడుతున్నాయని కంటికి తెలిసేది ఆ ఒక్క క్షణమే. జూనియర్ "అబ్బ" అంది. నాకూ అలాగే అనిపించింది, ఎప్పటిలాగే.

ఏప్రిల్ 24

జీపీసీ. టీహెచ్‌ఎఫ్‌లో నడిపితే సిలికోన్ కనపడనే కనపడదు, రెండింటి వక్రీభవన గుణకం దాదాపు ఒకటే. టాలుయీన్ మిషన్ కోసం రెండు రోజుల క్యూ.

టాలుయీన్‌లో నా పీక్ తలకిందులుగా దిగుతుంది. దిగింది. సన్నగా, నిటారుగా, బాగుంది. కానీ ఎడమ పక్కన చిన్న షోల్డర్. అణుభారం సరిగ్గా రెట్టింపు దగ్గర.

ఎక్కణ్ణుంచి వచ్చావు నువ్వు?

ఏప్రిల్ 25

రాత్రి కరెంటు పోయింది. ఉక్కపోత. ఎటూ నిద్ర లేదు, ఫోన్ లైటులో రాస్తున్నా. రాస్తే తేలుతుందేమో.

రెట్టింపు అవడానికి దారులు రెండు. మొదట్లోనే నీళ్లు దూరి ఉండాలి. అప్పుడు లిథియం హైడ్రాక్సైడ్ మొదలెట్టిన గొలుసు అటూ ఇటూ పెరుగుతుంది, అటూ ఇటూ మూత పడుతుంది. దానికి బ్యూటైల్ ఉండదు, పనిచేసే కొసలు రెండు. లేదా చివర్లో జరిగి ఉండాలి. మూత వేసే సిలేన్‌లో రెండు క్లోరిన్లున్నది కలిసి ఉంటే రెండు గొలుసుల్ని తెచ్చి ముడేస్తుంది. అప్పుడు రెండు కొసలా బ్యూటైలే. పనిచేసే కొస ఒక్కటీ ఉండదు.

జీపీసీకి ఈ రెండూ ఒకటే. దానికి సైజు తప్ప ఏం తెలుసు?

కానీ బ్యూటైల్‌నీ, సిలికాన్ మీది హైడ్రోజన్‌నీ పక్కపక్కన పెట్టి లెక్కపెడితే? ఏది తగ్గితే దొంగ ఆ వైపున. రేపు ఎన్‌ఎంఆర్ స్లాట్ ఎవరినైనా బతిమాలుకోవాలి.

ఏప్రిల్ 29

0.88 దగ్గర బ్యూటైల్ చివరి మిథైల్. దాన్ని 3.00 అని పెట్టా. 4.70 దగ్గర ఏడు గీతల పీక్, సిలికాన్ మీది ఒంటరి హైడ్రోజన్‌ది. 0.86.

1.00 ఉండాలి. తగ్గింది. నీళ్లు కాదు. చివర్లోదే.

సిలికాన్-29 కూడా పెట్టించా, రాత్రంతా నడిచింది. మైనస్ 22 దగ్గర గొలుసు. మైనస్ 7 దగ్గర మూత. మైనస్ 37 దగ్గర ఖాళీ. అంటే మిథైల్ డైక్లోరోసిలేన్ కాదు, అదైతే అక్కడ దొరికిపోయేది. ఇక మిగిలింది డైమిథైల్ డైక్లోరోసిలేన్. గొలుసు మధ్యలోకి చేరిపోయి మిగతావాటిలో ఒకటైపోతుంది, ఆనవాలుండదు.

అందరం వాడే ఆ పాత సీసా. 35 డిగ్రీలకే మరిగే ద్రవం. బయట నలభై దాటింది. ఎన్ని ఎండాకాలాలు చూసిందో, ఎందరు మూత తీశారో. తీసిన ప్రతిసారీ తేలికది ఆవిరైపోతుంది. 70కి మరిగేది అడుగున ఉండిపోతుంది. ఏటేటా చిక్కబడుతూ.

మే 4

తెల్లవారుజామునే వచ్చాను, ఎండ ముదరకముందు. కండెన్సర్‌లో ఐసు నీళ్లు తిప్పి, రిసీవర్‌ని ఐసూ ఉప్పూ కలిపిన గిన్నెలో కూర్చోబెట్టి, కొత్త సీసాలోంచి సిలేన్‌ని డిస్టిల్ చేశా. మాంటిల్ ఆన్ కూడా చేయక్కర్లేకపోయింది, గోరువెచ్చటి నీళ్లు చాలాయి. 35 దగ్గర థర్మామీటర్ కదలకుండా నిలబడింది. చుక్కలు పడుతుంటే పక్కనే కూర్చున్నాను. ముందొచ్చినవి కొన్ని తీసేశా, అడుగున మిగిలింది వదిలేశా. మధ్యది మాత్రం ఆర్గాన్ కింద సీలు వేసి ఫ్రిజ్‌లో పెట్టా, లేబుల్ మీద ఎర్ర పెన్నుతో తేదీ వేసి.

స్టోర్స్ అన్న వచ్చి చూసి "ఇంత పొద్దున్నే ఏంది మేడమ్, ఇంటికి పోలేదా?" అన్నాడు.

మే 13

కాకినాడ. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో నిలబడడానికి కూడా చోటు లేదు, ఊరంతా ఓటుకే వస్తున్నట్టుంది. పొద్దున్నే లైన్లో నిలబడి వేసొచ్చాం, అమ్మ, నేను, చెల్లి.

చెల్లి బెంగళూరు నుంచి. లెన్స్ పెట్టుకునే నిద్రపోయింది బస్సులో. కళ్లు మందారాలు. అమ్మ తిట్టింది. నేను ఏమీ అనలేదు, డబ్బా తీసి ఏ కంపెనీదో చూశా. పాత రకం, హేమా అనే హైడ్రోజెల్‌ది. అందులో ఆక్సిజన్ వెళ్లాలంటే నీళ్లలోంచే వెళ్లాలి. కార్నియాకి నెత్తురు రాదు, అది గాలినే నమ్ముకుని ఉంటుంది. మూత పెట్టినట్టే కదా.

1961లో విక్టర్లే అనే ఆయన ప్రాగ్‌లో ఇంట్లో టేబుల్ మీద, పిల్లల బొమ్మల సెట్టుతో మిషన్ కట్టి మెత్తటి లెన్సులు పోశాడు. క్రిస్మస్ రోజుల్లోనే. దానిలోకి సిలికోన్‌ని కలిపి అమ్మకానికి తేవడానికి మళ్లీ 1990ల చివరి దాకా పట్టింది. నీళ్లకీ సిలికోన్‌కీ పడదు. అదే తంటా.

"అక్కా, నువ్వు చేసేది ఎప్పుడొస్తుందే?"

నేను చేసేది ఒక నూనె. దానికీ నీ కంటికీ మధ్య ఎంత దూరముందో నాకే తెలీదు చెల్లీ.

మే 23

షోల్డర్ లేదు.

జీపీసీ కాగితం రెండుసార్లు తిప్పి చూశా. ఎన్‌ఎంఆర్ 3.00కి 0.99. వెడల్పు 1.08. సార్ కళ్లజోడు పైకి తోసి చూసి, "ఇది సరే" అన్నారు. ఆయన దగ్గర ఆ మాట పెద్దదే.

మసక కడిగి, డి3 వ్యాక్యూమ్‌లో లాగేశాక మిగిలింది పారదర్శకమైన నూనె. ఫ్లాస్క్ వంచితే గోడ వెంట జారుతుంది తప్ప పట్టుకోదు.

జూన్ 3

ఇప్పుడు మెథాక్రిలేట్ ఎలా తగిలించాలి?

మొదట్లో అనుకున్నది, మూత వేసేటప్పుడే మెథాక్రిలాక్సీప్రొపైల్ క్లోరోసిలేన్‌తో మూసేస్తే ఒక్క అడుగులో అయిపోతుందని. అవుతుంది కూడా. కానీ దాన్ని శుభ్రం చేసుకోవాలంటే వేడి చేయాలి, వేడి చేస్తే ఫ్లాస్క్‌లోనే గడ్డకడుతుందేమోనని భయం. ఆ భయంతో శుభ్రం చేయకుండా వాడితే మళ్లీ ఏప్రిల్ కథే.

హైడ్రోజన్ కొస అలా కాదు. దాన్ని దాచుకోవచ్చు. ఈ నూనె ఒక్కటి చేతిలో ఉంటే ప్లాటినంతో ఏ అల్లైల్‌నైనా తగిలించుకోవచ్చు. ఇవాళ ఒకటి, ఆర్నెల్లకి ఇంకొకటి.

నేరుగా అల్లైల్ మెథాక్రిలేట్ వేసి చూశా, కార్‌స్టెడ్ క్యాటలిస్ట్‌తో. 2126 దగ్గర ఐఆర్ పీక్ పోయింది. అంటే హైడ్రోజన్ పోయింది. కానీ ఎన్‌ఎంఆర్‌లో 4.1 దగ్గర రావాల్సినంత రాలేదు. ఒక భాగం ప్రొపీన్‌గా ఎగిరిపోయి, మెథాక్రిలేట్ నేరుగా సిలికాన్‌కి అతుక్కుంది. ఆ బంధం నీళ్లు తగిలితే నిలవదు. కన్నీళ్లలో ఎన్నాళ్లు ఉంటుంది?

వద్దు. అల్లైలాక్సీ ఇథనాల్‌తో వెళ్తాను. రెండు అడుగులు ఎక్కువ. కానివ్వు.

జూన్ 11

గ్లాస్ బ్లోయింగ్ సెక్షన్‌కి వెళ్లా. పెద్దాయన వచ్చే నెల రిటైర్. ఆయన తర్వాత ఆ పోస్టు ఉంటుందో లేదో.

గ్రీజు వేయక్కర్లేని టెఫ్లాన్ ట్యాపులతో ఫ్లాస్క్ కావాలన్నాను. గ్రీజు కూడా సిలికోనే. బ్యూటైల్ లిథియం దాన్నీ కొరుకుతుంది. అందరూ ఎన్‌ఎంఆర్‌లో 0.07 దగ్గర గీత కనపడితే గ్రీజని కొట్టిపారేస్తారు. నాకు అక్కడ ఉండాల్సింది నా పాలిమరే. ఏది ఏదో ఎలా చెప్పను?

"గ్రీజు లేకుండ గావాల్నా బిడ్డా? ఆగు." మంట దగ్గరికి గొట్టం తెచ్చి తిప్పడం మొదలెట్టాడు. రెండు చేతులూ ఒకే వేగంతో. గాజు నారింజ రంగుకి వచ్చి మెత్తబడింది, ఒక్క వైపు కూడా వాలలేదు. నోట్లో రబ్బరు ట్యూబు, చిన్నగా ఊదాడు. జాయింటు అతుకు కనపడకుండా పరుచుకుంది. తర్వాత పసుపు మంటలో మెల్లగా చల్లార్చాడు, తొందరపడకుండా. మాట్లాడుతూనే ఉన్నాడు, మనవడి స్కూలు గురించి.

గాజులో ఒత్తిడి మిగిలిపోతే ఎప్పుడో ఒక రాత్రి దానంతటదే పగులుతుందట. "అందుకే సల్లార్చేటప్పుడే టైమియ్యాలె" అన్నాడు.

ఇంకో రెండు చేయించుకోనా? అడగడానికి మొహమాటం వేసింది. అడిగాను.

జూన్ 20

ఆల్కహాల్‌ని అలాగే వదిలితే ప్లాటినం సమక్షంలో అది కూడా హైడ్రోజన్ కొసతో కలబడుతుంది, హైడ్రోజన్ బుడగలొస్తాయి. అందుకే ముందు దానికి హెక్సామిథైల్ డైసిలజేన్‌తో తొడుగు వేశా. అల్లైల్ కాస్త ఎక్కువే తీసుకున్నా, కొంత పక్కకి జరిగి ప్రొపెనైల్ అయిపోతుంది, అది ఇక రాదు.

టాలుయీన్, 60 డిగ్రీలు, ప్లాటినం పీపీఎంలలో. రబ్బరు సెప్టా తీసి పక్కన పెట్టా, అందులో గంధకం ఉంటే ప్లాటినం పడిపోతుంది.

సాయంత్రానికి 2126 చదును. తొడుగు తీయడానికి మెథనాల్, కాస్త ఎసిటిక్ యాసిడ్. సిలికాన్-29లో మైనస్ 7 మాయమై, ప్లస్ 7 దగ్గర ఉన్న గీత పక్కన రెండోది వచ్చింది. ఒకటి బ్యూటైల్ వైపుది, ఒకటి కొత్తది. పక్కపక్కనే, ఒకే ఎత్తు. చాలాసేపు చూస్తూ కూర్చున్నా.

జూన్ 27

సార్ అడిగిన రెండోది కూడా మొదలెట్టా. డి4, హెక్సామిథైల్ డైసిలోక్సేన్, మెథాక్రిలాక్సీప్రొపైల్ ఉన్న డైసిలోక్సేన్, ట్రిఫ్లిక్ యాసిడ్. ఆర్గాన్ కూడా పెద్దగా అక్కర్లేదు. తిప్పుతూ వదిలేయడమే. ఇంత సులువు. ఫ్యాక్టరీ వాళ్లు ఎందుకు దీని వైపే చూస్తారో తెలుస్తూనే ఉంది, తప్పు పట్టలేను. ఆమ్లాన్ని చంపాక కూడా నూటికి పదీ పదిహేను ఉంగరాలు మిగులుతాయి, వాటిని లాగేయాలి. యూరప్‌లో కడిగేసే సబ్బూ షాంపూల్లోనే డి4ని 0.1 శాతం దాటనివ్వరు, 2020 నుంచి. కంటిలో పెట్టేదాంట్లో ఎంత ఉండొచ్చు?

జులై 9

వానలు. బట్టలు ఆరడం లేదు.

కొత్త బ్యాచ్. షోల్డర్ మళ్లీ. అదే చోట, అదే రెట్టింపు.

సిలేన్ అయితే మేలో నేను డిస్టిల్ చేసిందే. మరి?

జులై 10

3.00కి 1.12.

ఈసారి ఎక్కువ. బ్యూటైల్ తగ్గి మూతలు పెరిగాయి. నీళ్లే. ఎండలో ఒకటి, వానలో ఒకటి, జీపీసీ కాగితాలు రెండూ పక్కన పెడితే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. కానీ అది కొసలే లేని గొలుసు, ఇది రెండు కొసల గొలుసు. లెన్స్‌లోకి వెళ్తే ఇదీ ప్రమాదమే.

ఆర్గాన్ సిలిండర్ గేజ్ చూశా. అడుగంటింది. అడుగుకి వచ్చేకొద్దీ తేమ పెరుగుతుంది. కొత్తది ఎప్పుడో రావాల్సింది, సప్లయర్ ఇవాళ రేపు అంటున్నాడు. సీవ్స్ కాలమ్ కూడా మళ్లీ కాల్చాలి, 300 డిగ్రీల దగ్గర, వ్యాక్యూమ్‌లో, రాత్రంతా.

ఈ బ్యాచ్ పారబోయను. లేబుల్ వేసి ఉంచా, "తేమ" అని. పోల్చడానికి పనికొస్తుంది.

జులై 21

లష్కర్ బోనాలు. సికింద్రాబాద్ వైపు రోడ్లన్నీ మూసేశారు, తార్నాక దాకా డప్పులు వినపడుతున్నాయి. హాస్టల్ పిల్లలంతా వెళ్లారు. ఫ్లాస్క్‌లో గొలుసులు గీత దగ్గర నిలబడి ఉన్నాయి, పొద్దున దాకా నాకు పని లేదు. వెళ్లొచ్చేదాన్నే.

కిప్పింగ్ గురించి చదువుతూ కూర్చున్నా. నాటింగ్‌హామ్‌లో దశాబ్దాల పాటు సిలికాన్ పని చేసి, సిలికోన్ అన్న పేరు పెట్టింది కూడా ఆయనే. స్ఫటికాలు కావాలనుకుంటే నూనెలూ జిగురులూ వచ్చేవి. 1930లలో, ఈ దారిలో పెద్దగా ఆశ కనపడట్లేదని చెప్పేశాడు. 1940లో స్కెనెక్టడీలో రోకో అనే ఆయన సిలికాన్ మీదికి మిథైల్ క్లోరైడ్ పంపాడు, రాగి సాయంతో. అంతే, నూనెలూ జిగురులూ పరిశ్రమ అయిపోయాయి. కిప్పింగ్ 1949 దాకా బతికే ఉన్నాడు. చూసి ఏమనుకుని ఉంటాడు?

ఆయన పారబోసిన జిగురుల్లో ఎన్ని కొసలు ఉండేవో.

ఆగస్టు 2

మెథాక్రిలాయిల్ క్లోరైడ్, ట్రైఇథైల్ అమైన్, ఐసు మీద. బీహెచ్‌టీ చిటికెడు. 6.10, 5.56 దగ్గర రెండు గీతలు, సమానంగా. నూనెకి లేత గోధుమ రంగు, ప్లాటినం వల్ల. యాక్టివేటెడ్ కార్బన్‌తో కలిపి, సెలైట్ మీంచి వడకడితే తేటబడింది. కిటికీ దగ్గర పెట్టి చూశా. వెనకున్న వేపచెట్టు ఆకులు కూడా స్పష్టంగా.

ఆగస్టు 8

ఇవాళ పరీక్ష.

మూడు వయల్స్. నాది, తేమ బ్యాచ్, ఈక్విలిబ్రేట్ చేసింది. తేమ బ్యాచ్‌నీ నాదానిలాగే మెథాక్రిలేట్ దాకా తెచ్చి ఉంచా. అన్నింట్లో టాలుయీన్, ఏఐబీఎన్, 65 డిగ్రీలు. ఒక కొస మాత్రమే ఉంటే పాలిమర్ దువ్వెనలా పెరుగుతుంది, కరిగే ఉంటుంది. రెండు కొసలున్నవి కలిశాయా, ముడిపడి గడ్డకడుతుంది. దీనికి మిషన్ అక్కర్లేదు.

సార్‌నీ రమ్మన్నాను. కంపెనీ ఆయన కూడా వచ్చాడు.

ఈక్విలిబ్రేట్ చేసింది వంచా. కదల్లేదు. తలకిందులు చేశా, అడుగునే అంటుకుని ఉంది. తేమ బ్యాచ్ సగం జారింది, సగం ముద్ద. నాది వంచా. చిక్కగా, నెమ్మదిగా, మొత్తం గోడ వెంట దిగింది. ఇంకొంచెం టాలుయీన్ పోస్తే కరిగిపోయింది, చిన్న ముక్క కూడా మిగలకుండా.

కంపెనీ ఆయన వయల్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "కిలో చేయగలరా?" అన్నాడు.

కిలో అంటే డి3 ఎంత, బ్యూటైల్ లిథియం ఎంత, ఎవరి చేతులతో? ఎండాకాలంలోనా, వానాకాలంలోనా? ఇవన్నీ మాట్లాడాలి. కానీ చవక సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఆగస్టు 16

వరలక్ష్మీ వ్రతం. అమ్మ చీర కొరియర్ చేసింది. కట్టుకుని ల్యాబ్‌కి రాలేను కదా, ఇక్కడ మంటలూ ఆమ్లాలూ. సాయంత్రం కట్టుకుని ఫోటో పంపా. చెల్లి నుంచి మెసేజ్: కంటి డాక్టర్ లెన్స్ మాన్పించాడట నెల రోజులు.

ఆగస్టు 23

మొదటి ఫిల్మ్. నా సిలికోన్, డైమిథైల్ అక్రిలమైడ్, హేమా, చిటికెడు క్రాస్‌లింకర్. గాజు పలకల మధ్య పోసి యూవీ కింద పెట్టా.

పాలలా తెల్లగా వచ్చింది.

కొస శుభ్రంగానే ఉంది. గొలుసూ శుభ్రమే. కానీ సిలికోన్ ఒక పక్కకి, హేమా ఒక పక్కకి చేరిపోయాయి. వాటికి పడదని తెలిసిందే. ఇంతగా పడదా?

ఆగస్టు 27

సార్‌తో చాలాసేపు కూర్చున్నా. ద్రావకం మారుస్తే కొంత తగ్గుతుంది అన్నారు. తగ్గొచ్చు. నీళ్లలో నానబెట్టాక మళ్లీ?

మెథాక్రిలేట్ పక్కనే ఒక హైడ్రాక్సిల్ ఉంటే? గొలుసు సిలికోన్‌దే, కొస దగ్గర మాత్రం నీళ్లని పలకరించేదొకటి. అల్లైలాక్సీ ఇథనాల్ దారిలో ఆ హైడ్రాక్సిల్‌ని నేనే మెథాక్రిలేట్‌కి ఖర్చుపెట్టేస్తున్నా. దాని బదులు అల్లైల్ గ్లిసిడైల్ ఈథర్ తగిలించి, ఆ ఎపాక్సీని మెథాక్రిలిక్ యాసిడ్‌తో తెరిస్తే మెథాక్రిలేటూ వస్తుంది, పక్కన హైడ్రాక్సిలూ మిగులుతుంది. తొడుగు వేయడం, తీయడం కూడా ఉండవు.

ఫ్రిజ్‌లో హైడ్రోజన్ కొసతో ఇంకా నలభై గ్రాములు ఉంది. అదే నూనె. మళ్లీ మొదటికి వెళ్లక్కర్లేదు.

సార్ నవ్వారు. "అందుకే కదా అప్పుడు ఆ కొస దగ్గర ఆగావు."

ఆగస్టు 30

గ్లిసిడైల్ ఈథర్‌కి ఇండెంట్ పెట్టా. వచ్చేసరికి వినాయక చవితి దాటుతుందన్నాడు స్టోర్స్ అన్న. ఈలోపు సీవ్స్ కాల్చాలి, కొత్త సిలిండర్‌లో తేమ చూడాలి. కిలో లెక్క కాగితం మీద పెట్టాలి. జూనియర్‌ని టైట్రేషన్‌కి కూర్చోబెట్టా, పసుపు దగ్గర చేయి ఆగింది, చెప్పక్కర్లేకుండానే.

ఒకటే సందేహం. ఎపాక్సీకి తెరుచుకునే వైపులు రెండు. చివరి కార్బన్ దగ్గరైతే హైడ్రాక్సిల్ మధ్యలో పడుతుంది, అదే ఎక్కువ రావాలి. రెండో వైపు తెరుచుకున్నది ఎంత శాతం ఉంటుంది? ఫిల్మ్‌కి ఆ తేడా తెలుస్తుందా?